అమ్మతో నీల్ దీవిలో మూడు రోజులు

నాన్న మంచం పట్టిన రెండేళ్లూ అమ్మ పగటిపూట కన్ను మూసి ఎరగదు. ఆయన పోయి ఏడాది దాటినా, మధ్యాహ్నం రెండు గంటలకి, అంటే మందు వేళకి, ఉలిక్కిపడి లేచేది. సంవత్సరీకాలు అయ్యాక ‘ఎక్కడికైనా వెళ్దామా అమ్మా?’ అని అడిగాను. కాశీ అంటుందనుకున్నాను. ‘జనం లేని చోటికి తీసుకెళ్లు’ అంది.

అలా సంక్రాంతి వెళ్లాక అండమాన్ బయల్దేరాం. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి ‘ఏ ఊరండీ మీది?’ అన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆ ఊళ్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. జెట్టీ దాకా అమ్మా, అతనూ భీమిలి కబుర్లే. అమ్మ పుట్టిల్లు భీమిలి.

నీల్‌కి పడవలో సుమారు రెండు గంటల ప్రయాణం. 2018 డిసెంబరులో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. 1943లో నేతాజీ అండమాన్, నికోబార్ దీవులకి షహీద్, స్వరాజ్ అని పేర్లు అనుకున్నారు కదా, అందుకని. జనం నోట మాత్రం ఇంకా నీలే. ఊళ్ల పేర్లు విని అమ్మ మురిసిపోయింది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చారు. వాళ్లే అడవి కొట్టి కూరగాయల తోటలు వేశారు. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ బజారుకి ఈ చిన్న దీవి నుంచి కూరలు వెళ్తాయి.

మా రిసార్టులో ఉన్నవి పది చెక్క గదులు, కొబ్బరిచెట్లు, మొగలి పొదలు, వాటి వెనక సముద్రం. అంతే. ఫోన్ సిగ్నల్ వచ్చీరానట్టు ఉండేది, నాకదే హాయిగా అనిపించింది. మొదటి రాత్రి వంజరం కూర వడ్డిస్తే అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ‘ఆవ పెట్టారే!’ అని వంటాయన దగ్గరికి వెళ్లి, తనకి రాని బెంగాలీలో, ఆయనకి రాని తెలుగులో పనసపొట్టు కూర ఎలా చేస్తామో చేతులతో చెప్పింది. ఆ రాత్రి అమ్మ అడిగి మారు వడ్డించుకుంది. ఈ మూడేళ్లలో అలా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన చూద్దామని వెళ్తే దారంతా నీళ్లు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘నిన్ననే కదా పున్నమి. ఇప్పుడు నిండు పోటు. మూడున్నరకి రా, ఎంత దూరం వెనక్కి తీస్తుందో చూద్దువు గాని’ అంది. అలాగే వెళ్లాం. పొద్దున్న మాయమైన నేలంతా బయటపడింది. చచ్చిన పగడపు రాయి కత్తుల్లా ఉంటుంది, గట్టి చెప్పులు లేకుండా వెళ్లకండి. రాళ్ల మధ్య నిలిచిన నీటిలో నల్లగా, వేలంత లావున సముద్ర దోసకాయలనే జీవులు కదలకుండా పడున్నాయి. పక్కనే చిటికెన వేలి గోరంత నీలం చేప ఒకటి. నీడ పడితే రాతి కిందికి దూరేది, నీడ తప్పుకోగానే బయటికొచ్చేది. అమ్మ దాని ముందు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పావుగంట గొంతుకూర్చుంది. ఒడ్డున ఒక తెల్లటి గవ్వ తీసింది, నాలుగు ఎర్రటి కాళ్లు బయటికొచ్చాయి, లోపల పీత! మెల్లగా ఇసుకలో పెట్టేసింది. ఇక్కడి నుంచి గవ్వలూ పగడాలూ తీసుకెళ్లడం నిషేధం కూడాను.

అయిదున్నర లోపే పొద్దు గూకింది. అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే, అందుకే తెల్లారడమూ పెందలాడే.

మూడో రోజు భరత్‌పూర్. విశాఖ సముద్రం కాళ్ల కింద ఇసుక లాగేసి మనిషిని లోపలికి ఈడ్చేస్తుంది. భీమిలిలో పుట్టి కూడా అమ్మ ఎన్నడూ మోకాలు దాటి దిగలేదు. ఇక్కడ బయటి పగడపు దిబ్బలు అలలని ఆపేస్తాయి, నీళ్లు చెరువులా ఉంటాయి. నా భుజం పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ నడుంలోతు వరకు వచ్చింది. ‘లాగట్లేదే!’ అంది. కాసేపయ్యాక నా భుజం వదిలేసింది.

తిరుగు పడవ నాలుగింటికి. సామాన్లు సర్దేసి, అన్నం తిని చెట్టు కింద కుర్చీల్లో కూర్చున్నాం. నేను టిక్కెట్లు చూసుకుని తలెత్తేసరికి అమ్మ నిద్రపోతోంది, తడి ఆరని జుట్టు కుర్చీ వెనక్కి జారి. గడియారం చూశాను. రెండు. తర్వాత రెండుంబావు. అమ్మ కదల్లేదు. జెట్టీకి పది నిమిషాల దారే. నేను లేపలేదు.