నిమ్మకాయ ముక్కలూ, యజావా తువ్వాలూ

రాత్రి పన్నెండు దాటింది. పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉంది. పడుకోవాలని తెలుసు. కానీ కర్టెన్ సందులోంచి బాల్కనీలో ఆ తువ్వాలు కనిపిస్తోంది. అది కనిపిస్తున్నంతసేపూ నాకు నిద్ర రాదు. లేచి కర్టెన్ సరిగ్గా వేసుకోవచ్చు. వేసుకోను.

జరిగింది చాలా చిన్న విషయం. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు నిమ్మకాయ ముక్కలు ఎండబెట్టారు. ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులుగా సీసాలో ఊరుతున్నవే. టోక్యోలో మేముండే నిషికసాయ్‌లో ఆగస్టు ఎండ చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "అచ్చం మన రాజమండ్రి ఎండే, కాకపోతే గోదారి లేదు" అన్నారు వచ్చిన వారంలోనే. (పక్కనే అరకావా నది ఉంది. ఆవిడ దాన్ని లెక్కలోకి తీసుకోరు.) వీసా తొంభై రోజులకి గాను ఇవాళ అరవై రెండో రోజు. ఊరగాయ పెట్టకుండా వెళ్తే ఆవిడకి తృప్తి ఉండదు, నాకూ లోటే. అంతా బాగానే ఉంది. కానీ ముక్కలు పరిచింది దేని మీద? బీరువా పై అరలో, పాలిథీన్ కవరు కూడా తీయకుండా నేను దాచుకున్న యజావా తువ్వాలు మీద.

తెల్లటి పెద్ద తువ్వాలు. దాని మీద ఎర్ర అక్షరాల్లో యజావా అనే జపాన్ రాక్ గాయకుడి పేరు. ఆ ఎరుపు చుట్టూ ఇప్పుడు గుండ్రంగా పసుపు మరకలు, ఒక్కో నిమ్మ డిప్పకి ఒక్కోటి. లెక్కపెట్టాను. నలభై మూడు.

నేనేం అనలేదు. నా మొహం చూసి ఆవిడే అన్నారు, "పెద్దగా ఉంది, నీళ్ళు బాగా పీలుస్తోంది, ఊరికే మూలన పడుంది కదమ్మా" అని. అందులో తప్పేమైనా ఉందా? లేదు. అదే నా బాధ.

అసలు కోపం వచ్చింది ఈయన మీద. "తువ్వాలే కదా. ఆన్‌లైన్‌లో ఉంటుంది, ఇంకోటి కొనుక్కో" అన్నారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఈయన పాత చెప్పు పోయినా, నా గాజు పగిలినా, చంటాడి పన్ను ఊడినా ఇదే మాట. అక్కడితో ఆగారా, సాయం చేద్దామని మరక మీద సబ్బు రుద్దారు. అంతే, పసుపు మరక కాస్తా ఎర్రబడిపోయింది. పసుపులో సున్నం కలిపి కాళ్ళకి పారాణి పెట్టుకుని పెళ్ళి చేసుకున్న మనిషికి, సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలియకపోవడం ఏమిటి? పైగా "చూశావా, అక్షరాల రంగులో కలిసిపోయింది" అని నవ్వు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ తువ్వాలు ఎక్కడిదో ఇదివరకు ఇక్కడ ఓసారి సగం రాసి వదిలేశాను. మా టీంలో రిటైరైన పెద్దాయన ఇచ్చింది. పేరు రాయను. ఆఫీసులో పదేళ్ళు నా పక్క వరసలోనే కూర్చున్నా, ఆయన నోట పని మాట తప్ప విన్నది లేదు. టెస్ట్ షీట్లలో గడి గడీ చూసి, తేడా ఉంటే పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఇచ్చేవారు. అంతే. ఎరుపు సిరా కూడా వాడేవారు కాదు.

మార్చిలో ఆయన వీడ్కోలు భోజనం అయ్యాక అందరం కరయోకేకి వెళ్ళాం. ఆయన కోటు విప్పి మడతపెట్టి, సంచీలోంచి ఈ తువ్వాలు తీసి రెండు భుజాల మీదుగా వేసుకున్నారు. గదిలో ఒక్కసారిగా అరుపులు. నాకు ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న అమ్మాయి "ఎయ్‌చాన్! ఎయ్‌చాన్!" అని చప్పట్లు కొడుతోంది. ఎయ్‌చాన్ అంటే యజావా ఎయ్‌కిచి అని తర్వాత తెలిసింది. ఆయన ముందు మెల్లగా ఒక పాట పాడారు, 'జికాన్ యొ తొమారె'. కళ్ళు మూసుకుని, తెర మీది అక్షరాలు చూడకుండా. శ్రుతి అక్కడక్కడా పోయింది. అయినా గదిలో ఎవరూ గ్లాసు కూడా కదపలేదు.

పాట పేరులో ఒక్క మాట మాత్రం నాకు వచ్చు. తొమారె. జపాన్‌లో నేను చదవడం నేర్చుకున్న మొదటి మాట అదే. చంటాడిని బడికి నడిపించే దారిలో ప్రతి మలుపు దగ్గరా రోడ్డు మీద తెల్ల అక్షరాలతో రాసి ఉంటుంది, ఎర్ర త్రికోణం బోర్డు మీద కూడా ఉంటుంది. ఆగు అని. వాడు ఆ అక్షరాల మీద నిలబడి, అటూ ఇటూ చూసి, చెయ్యెత్తి దాటేవాడు. ఆ మాటని ఒకాయన పాటలో కాలానికి చెప్తున్నాడు, కాలమా, ఆగు అని.

తర్వాత పెద్దాయన రెండో పాట పెట్టించారు. 'తొమరనాయ్ హా హా'. ఆగదు అని. పల్లవి దగ్గరికి రాగానే అందరూ చేతికి అందింది గాల్లోకి విసిరారు. యజావా కచేరీల్లో ఈ పాటకి వేల తువ్వాళ్ళు ఒక్కసారి పైకి లేస్తాయట, అది అక్కడి ఆనవాయితీ. మా దగ్గర తువ్వాళ్ళు లేవు కాబట్టి చేతులు తుడుచుకునే తడి గుడ్డలు విసిరాం. నేను చున్నీ విసిరాను. అది వెళ్ళి టీ గ్లాసులో పడింది. పెద్దాయన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొడుగుని మైక్ స్టాండ్‌లా వంచి పట్టుకుని, కాలితో తన్ని మళ్ళీ అందుకున్నారు. యజావా తెల్ల స్టాండుతో అలాగే చేస్తాడు. టెస్ట్ షీటులో పెన్సిల్ చుక్క పెట్టే మనిషి!

తిరిగి వచ్చేటప్పుడు తోజాయ్ మెట్రో లైన్లో ఇద్దరం ఒకే బండి ఎక్కాం. అప్పుడు మాట్లాడారు, పదేళ్ళవీ కలిపి. 1978లో ఆయన హైస్కూల్ ఆఖరి ఏడాది. 'జికాన్ యొ తొమారె' పాట షిసేయ్‌దో అనే సౌందర్య సాధనాల కంపెనీ వేసవి ప్రకటనలో వచ్చి దేశమంతా మోగింది. దాంట్లో వాయించిన వాళ్ళలో సకామోతో ర్యూయిచి, తకహాషి యుకిహిరో ఉన్నారట. అదే ఏడాది వాళ్ళిద్దరూ కలిసి యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే బృందంలో చేరారు. సకామోతో తర్వాత ఆస్కార్ తెచ్చుకున్నాడు. ఆ ఆగస్టు 28న కొరాకుయెన్ బేస్‌బాల్ స్టేడియంలో యజావా కచేరీ. పెద్దాయన దగ్గర టికెట్టుకి డబ్బుల్లేవు. గోడ బయట నిలబడి విన్నారట. "మాటలు వినపడలేదు. జనం అరుపు, కింద బేస్ గిటార్ మాత్రమే" అన్నారు. నవ్వలేదు.

నాకు అప్పుడు యజావా గురించి చదవాలనిపించింది. చదివాక, నిజం చెప్పాలంటే, నచ్చలేదు. తనని తను 'యజావా' అని మూడో మనిషిలా పిలుచుకుంటాడట. హోటల్లో మంచి గది దొరకలేదని సిబ్బంది చెబితే "నాకైతే పర్వాలేదు, కానీ యజావా ఏమంటాడో" అన్నాడని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. తన జీవితం గురించి 1978లోనే వేసిన పుస్తకానికి 'నారియాగరి' అని పేరు. కిందనుంచి ఎగబాకి డబ్బు చూసినవాడు అని, కాస్త వెటకారపు మాట. అత్తయ్యగారైతే అర్ధరాత్రి గొడుగు సామెత చెప్తారు. దాన్నే అతను అట్ట మీద వేసుకున్నాడు. ఆ ఏడాది దేశంలోని గాయకుల్లో అందరికంటే ఎక్కువ పన్ను కట్టిందీ అతనే. ఇంత నేను నేను ఏమిటి అనిపించింది.

తర్వాత మిగతాది చదివాను. 1949లో హిరోషిమాలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి వెళ్ళిపోయింది, అణుబాంబు తాలూకు జబ్బుతో తండ్రి పోయాడు, అప్పటికి ఇతను రెండో తరగతి. నాయనమ్మ పెంచింది. 1968లో టోక్యో వెళ్దామని రాత్రి బండి ఎక్కి యొకొహామాలోనే దిగిపోయాడు. 'కెరొల్' అనే బృందం పెట్టి, 1975లో దాన్ని ఆపేసి, ఒంటరిగా మొదలుపెట్టాడు. ఎవరూ లేని పిల్లాడు తన పేరు తనే పిలుచుకోవడంలో వింతేముంది అనిపించింది అప్పుడు. అలా అనుకోవడం మరీ కథల్లోలా ఉందని కూడా అనిపించింది. ఇప్పటికీ తేల్చుకోలేదు.

1998లో అతని దగ్గరి మనుషులే ఆస్ట్రేలియాలో మోసం చేశారని బయటపడింది. దాదాపు 350 కోట్ల యెన్ల అప్పు మీద పడింది. పాడి తీర్చాడు. ఇది చదివినప్పుడు మాత్రం మా నాన్న గుర్తొచ్చారు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి, అతను ఊరు వదిలి పోతే, జీతంలో కోత పెట్టుకుని మా చదువులతో పాటు ఆ బాకీ కూడా లాక్కొచ్చిన మనిషి. ఎవరైనా జాలి పడితే "ఈ డ్రిల్లు మాస్టారు ఎవడికీ బాకీ ఉండడు" అనేవారు. 'నేను' అనరు. 'ఈ డ్రిల్లు మాస్టారు' అనే అంటారు. మా ఇంట్లో అది గొప్పగా ఎవరికీ అనిపించలేదు. నాకైతే స్నేహితుల ముందు సిగ్గేసేది.

సరే, తువ్వాలు సంగతి. నిషికసాయ్‌లో దిగబోతుంటే పెద్దాయన భుజం మీంచి దాన్ని తీశారనుకుంటారు మీరు, నేనూ అదే అనుకున్నాను. కాదు. సంచీలోంచి ఇంకోటి తీశారు, కొత్తది, కవరుతో. రెండు చేతులతో ఇచ్చారు. ఇచ్చి ఒక్క మాట అన్నారు. "త్సుకత్తె కుదసాయ్." వాడండి అని.

ఇది ఇప్పుడు, ఈ వాక్యం టైపు చేస్తుంటే కానీ నాకు గుర్తు రాలేదు. వాడండి అన్నారు. దాచుకోండి అనలేదు. అయిదు నెలలు కవరులో పెట్టింది నేనే. కొత్త చీర, పింగాణీ కప్పులు, అమ్మ ఇచ్చిన వెండి గిన్నె అన్నీ ఇలాగే కవర్లలో ఉంటాయి మా ఇంట్లో, ఎప్పుడో రాబోయే మంచి రోజు కోసం. ఆ తువ్వాలు చెమట తుడుచుకోవడానికి, గాల్లోకి విసరడానికి, కింద పడితే తీసుకుని మళ్ళీ విసరడానికి. ఆ లెక్కన అత్తయ్యగారే దాన్ని సరిగ్గా వాడారు.

కానీ నిమ్మకాయలకా? ఎంత పెద్ద మనసు తెచ్చుకున్నా నలభై మూడు మరకలు నలభై మూడే. ఈయన ఇంకోటి కొనుక్కో అన్నది ఇంకా పోలేదు. కొనుక్కోవచ్చు, నిజమే. తోజాయ్ లైన్ బండిలో రెండు చేతులతో ఎవరిస్తారు?

ఇంతవరకు రాశాక అత్తయ్యగారు మంచినీళ్ళకి లేచారు. నేను కూర్చుని ఉండడం చూసి పక్కన కూర్చున్నారు. కాసేపాగి, "ఆ తువ్వాలు మీద ఏం రాసుందమ్మా?" అన్నారు. పాటగాడి పేరు అన్నాను. బతికే ఉన్నాడా అన్నారు. డెబ్బై అయిదు దాటాయి, ఇంకా స్టేజీ మీద పాడుతున్నాడు అన్నాను. "నాకంటే పెద్దాడే" అన్నారు. ఫోన్ సౌండు తగ్గించి 'జికాన్ యొ తొమారె' పెట్టాను. సగం దాకా విన్నారు.

"మెత్తగా పాడుతున్నాడు. ఏమంటున్నాడు?"

"కాలమా, ఆగు అంటున్నాడు అత్తయ్యా."

"ఆగితే ముక్కలు ఎలా ఎండుతాయి?" అని గ్లాసు సింకులో పెట్టి వెళ్ళి పడుకున్నారు.

పసుపు మరకకి మందు ఎండేనని సాయంత్రం ఆవిడే అన్నారు, రెండు రోజులు ఎండలో వదిలేస్తే దానంతటదే పోతుందట. రేపు మాత్రం వాన అని చూపిస్తోంది. ముక్కలు లోపల పెట్టారో లేదో చూడాలి.