దాదాపు తొమ్మిదేళ్ళ ఖాళీ

మా మేనల్లుడు మెకానికల్ మూడో సంవత్సరం. ఉండేది గాజువాకలో. ఆదివారం మా ఇంటికి వచ్చాడంటే భోజనాలయ్యాక ఫోన్లో ఏదో ఒక వీడియో తీసి నా ముందు పెడతాడు. ఈసారి పెట్టింది, రాకెట్‌లా లేచి విమానంలా దిగే అమెరికా స్పేస్ షటిల్ రన్‌వే మీద దిగుతున్న వీడియో. "ఏటి మావయ్యా, ఇంత బాగున్న బండిని ఎందుకు ఆపేశారు? మళ్ళీ పాతకాలం గొట్టం రాకెట్లకే వచ్చేశారేటి?" అన్నాడు.

అప్పటికి రెండు ముక్కలు చెప్పి పంపించాను గానీ, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఇది.

ముందే చెప్తున్నాను, నేను సైంటిస్టుని కాదు. రిటైరయ్యే దాకా ఓడల యార్డులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఎక్స్-రే ఫిలిం దీపానికి పట్టి లోపాలు వెతకడం నా ఉద్యోగం. రాకెట్లంటే చిన్నప్పటి నుంచి పిచ్చి, అంతే. కాబట్టి నా చూపంతా ఇన్‌స్పెక్షన్ వాడి చూపే.

షటిల్‌ని ఆపడం తప్పని నేననుకోను. మొదట్లో వారానికొకటి ఎగురుతుందని చెప్పి అమ్మారు దాన్ని. బాగా ఎగిరిన 1985లో కూడా తొమ్మిదిసార్లే వెళ్ళింది. 1981 ఏప్రిల్ 12న కొలంబియా అనే షటిల్ మొదటిసారి లేచింది మొదలు 2011లో అట్లాంటిస్ ఆఖరిసారి దిగేదాకా మొత్తం 135 ప్రయాణాలు. ఒక్కో బండికీ వేడి తట్టుకునే టైల్స్ 20,000కు పైగా. ఒక్కో టైలూ తన చోటికి సరిపోయేలా విడిగా కోసినదే. దిగిన ప్రతిసారీ వాటన్నిటినీ చూసుకుని, దెబ్బతిన్నవి మార్చి, మళ్ళీ అతికించాలి. అంత పని పెట్టుకుని వారానికొకటి అంటే ఏ షాప్‌ఫ్లోర్ వాడైనా నవ్వుతాడు.

అయితే దాన్ని ఆపించింది ఈ ఖర్చు కాదు, రెండు ప్రమాదాలు. 1986 జనవరి 28న చాలెంజర్, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా. ఒక్కో దానిలో ఏడుగురు పోయారు. రెండోది మాకు బాగా గుర్తు. మనకి అప్పుడు శనివారం రాత్రి ఏడున్నర ప్రాంతం. కల్పనా చావ్లా దిగుతుందని టీవీ పెట్టుకు కూర్చున్నాం. టెక్సాస్ ఆకాశంలో తెల్లటి గీతలు విడివిడిగా పోతుంటే మొదట ఎవరికీ అర్థం కాలేదు. మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

లేచేటప్పుడు పెద్ద ఇంధనం ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) పూత ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది. బరువు ముప్పావు కిలో ఉంటుంది. అది చేసిన కన్నంలోంచి దిగేటప్పుడు వేడి గాలి దూరింది. ఇక్కడ నాలాంటి వాడిని నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. నురుగు ఊడటం అదే మొదటిసారి కాదు. అంతకుముందు చాలాసార్లు ఊడింది, బండి క్షేమంగానే వచ్చింది. ఊడకూడదని డిజైన్‌లో రాసుకున్నది, ఊడుతూనే ఉంటే 'ఊడినా ఫర్వాలేదు' అయిపోయింది. చాలెంజర్‌లో బూస్టర్ (పక్కన బిగించే రాకెట్) కీళ్ళ దగ్గరి రబ్బరు రింగులదీ ఇదే కథ. ముందు ప్రయాణాల్లో కాలిన గుర్తులు కనబడ్డాయి, చలిలో వద్దని ఇంజనీర్లు మొత్తుకున్నారు, అయినా ఎగరేశారు. మా భాషలో దీన్ని కన్సెషన్ అంటారు. లోపం ఉంది, అయినా ఈసారికి ఒప్పుకుంటున్నాం అని సంతకం. ఒక్కసారి పెడితే అది కన్సెషన్. అదే లోపానికి పదిసార్లు పెడితే డ్రాయింగ్ మారిపోయినట్టే, మారిందని ఎవరూ చెప్పరు గానీ.

కొలంబియా మీద విచారణ చేసిన బోర్డు, మనుషుల్ని పంపడానికి షటిల్ బదులు వేరే బండి వీలైనంత త్వరగా తెచ్చుకోండని రాసింది. 2004 జనవరిలో ప్రెసిడెంట్ బుష్, స్పేస్ స్టేషన్ కట్టడం పూర్తి చేసి 2010కల్లా షటిల్‌ని ఆపేస్తామన్నాడు. ఒక ఏడాది అటూ ఇటూ, అన్నట్టే ఆపారు. ఇంతవరకూ బాగానే ఉంది.

బాగాలేనిది తర్వాతి బండి. కాన్‌స్టలేషన్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టారు. డబ్బు చాలినంత ఇవ్వలేదు. 2010లో ఒబామా ప్రభుత్వం దాన్నీ ఆపేయాలని తేల్చింది. అంటే పాతది ఆగే తేదీ ఖాయం, కొత్తది వచ్చే తేదీ లేదు.

2011 జులై 8న ఆఖరి షటిల్ లేచినప్పుడు మనకి రాత్రి తొమ్మిదికి ఒక్క నిమిషం తక్కువ. అప్పట్లో మా ఇంటి ఇంటర్నెట్‌కి వీడియో ఆగి ఆగి వచ్చేది. 31 సెకన్ల దగ్గర కౌంట్‌డౌన్ ఆగితే మా లైనే ఆగిందనుకున్నాం. నిజంగానే ఆపారట. ట్యాంకు నెత్తిమీది గొట్టం చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కెమెరాతో చూసుకుని అప్పుడు వదిలారు. ముప్పై ఏళ్ళ ప్రోగ్రాం, ఆఖరి రోజు, ప్రపంచమంతా చూస్తోంది. అయినా ఎవరో ఒకడు 'ఆపు, చూద్దాం' అన్నాడు. ఆ మనిషి ఎవరో గానీ నాకు తెగ నచ్చాడు.

జులై 21న దిగింది. ఆ తర్వాత కెన్నెడీ స్పేస్ సెంటర్ చుట్టుపక్కల వేలమందికి ఉద్యోగాలు పోయాయి. టైల్స్ అతికించేవాళ్ళు, వేడి తట్టుకునే దుప్పట్లు కుట్టే ఆడవాళ్ళు, టెక్నీషియన్లు, క్రేన్ ఆపరేటర్లు. బండ్లకి మాత్రం మంచి గౌరవమే దక్కింది. డిస్కవరీ వాషింగ్టన్ దగ్గర స్మిత్‌సోనియన్‌కి, అట్లాంటిస్ ఫ్లోరిడాలోనే, ఎండీవర్ లాస్ ఏంజిలస్‌కి. ఎండీవర్‌ని ఊరి వీధుల్లోంచి లాక్కెళ్ళడానికి 400 దాకా చెట్లు కొట్టేశారు. తమకొకటి ఇవ్వలేదని హ్యూస్టన్ వాళ్ళు ఇప్పటికీ గొడవే. మనకిది తెలియని సరదా కాదు. 2001లో డీకమిషన్ చేసిన కురుసుర సబ్‌మెరైన్‌ని తెచ్చి మన విశాఖ బీచ్ రోడ్డులో పెట్టుకున్నాం. ఎదురుగా టీయూ-142 విమానం పెట్టుకున్నాం. విమానాలు మోసే ఓడ విరాట్‌ని కూడా తెద్దామని మాటలు నడిచాయి గానీ అది చివరికి గుజరాత్‌లో ఓడలు విరిచే అలంగ్‌లో తుక్కు అయింది. అన్నిటికంటే దిక్కులేనిది రష్యా వాళ్ళ షటిల్ బురాన్. 1988లో మనుషులు లేకుండా ఒక్కసారి ఎగిరి దిగింది. 2002లో బైకనూర్‌లో హ్యాంగర్ కప్పు కూలితే దాని కిందే నలిగిపోయింది. పైన రిపేరు చేస్తున్న ఎనిమిదిమంది పనివాళ్ళు చనిపోయారు.

మ్యూజియంలో బండి ఉంటుంది. దాన్ని పనిచేయించిన చేతులు ఉండవు. అది ఎలా జారిపోతుందో యార్డులో దగ్గరగా చూశాను.

మా పనిలో ఒక రూలుంది. వెల్డర్ టెస్టు పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నా, ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు పని చేయకపోతే అది చెల్లదు. మళ్ళీ టెస్టు పీసు కొట్టాలి, మళ్ళీ ఎక్స్-రే తీయాలి. ఎంత సీనియరైనా సరే. చెయ్యి మర్చిపోతుందని ఆ రూలు రాసినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఒక ఓడ డెలివరీ అయిపోయి, తర్వాతి ఓడకి కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటిది) వేయడం లేటైందనుకోండి. గ్యాంగుల్లో ముందు వెళ్ళిపోయేది సోమరి కాదు, ఏటవాలుగా బిగించిన పైపుని చుట్టూ వెల్డ్ చేయగల మంచి సిక్స్-జీ వెల్డర్. అతనికి బయట పని దొరుకుతుంది కాబట్టి. గల్ఫ్‌కో, కొచ్చికో పోతాడు. సింధియా జంక్షన్‌లో రోజూ కనిపించే మనిషి పండక్కి మాత్రమే కనిపిస్తాడు. ఏడాదిన్నరకి ఆర్డరు వచ్చి కబురు పెడితే రాడు. కొత్తవాళ్ళు చేసిన జాయింట్లలో రిపేర్లు పెరుగుతాయి, ఆ ఖర్చు ఎవరి పద్దులోనూ 'ఖాళీగా ఉన్నందుకు' అని పడదు. ఓడ లేటైంది అని పడుతుంది, అంతే.

సొంత బండిలో మనుషుల్ని పంపలేని అలాంటి ఖాళీ అమెరికాకి 2011 జులై నుంచి 2020 మే 30న స్పేస్‌ఎక్స్ కంపెనీ డ్రాగన్ లేచేదాకా నడిచింది. అన్నేళ్ళూ స్టేషన్‌కి వెళ్ళాలంటే రష్యా వాళ్ళ సోయుజ్‌లో సీటు కొనుక్కోవడమే. పోటీ లేదు కాబట్టి రేటు పెరుగుతూ పోయి ఒక్కో సీటు 8 కోట్ల డాలర్లు దాటింది. 2018 అక్టోబర్ 11న ఆ సోయుజే దారిలో ఫెయిలైంది. ఇద్దరూ క్షేమంగా దిగారు. కారణం అసెంబ్లీలో వంగిపోయిన చిన్న సెన్సర్ పిన్ను. వారాలపాటు భూమ్మీంచి స్టేషన్‌కి మనిషిని పంపే దారి ఎక్కడా లేదు.

ఇలాంటి ఖాళీ అమెరికాకి అది మొదటిది కూడా కాదు. ఈ సంగతి మా ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్తే నమ్మరు గానీ, 1979లో మన ఊళ్ళలో కోళ్ళు అయిపోవడానికి కారణం అదే. అప్పుడు నేను చోడవరం దగ్గర మా ఊళ్ళో బడికెళ్ళేవాణ్ణి. అమెరికా పాత స్పేస్ స్టేషన్ స్కైలాబ్ నెత్తిన పడుతుందని పుకారు. ఎలాగూ పోతాం, తినే పోదామని కోళ్ళూ మేకలూ కోసేశారు. మా తాత అప్పు ఇచ్చినవాళ్ళ దగ్గరికి తిరిగాడు, వాళ్ళు 'రేపు ఉంటే చూద్దాంలే' అన్నారు. జులై 11న అది ఇండియన్ ఓషన్‌లోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. అసలు దాన్ని పైకి నెట్టి నిలబెట్టాలని ప్లాను వేసుకున్నది షటిల్‌తోనే. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో బండ్ల ఆఖరి ప్రయాణం 1975లో అయిపోయింది, షటిల్ లేటై 1981కి గానీ రాలేదు. ఈలోగా సూర్యుడు చురుకెక్కి పైన గాలి ఉబ్బడంతో స్కైలాబ్ అనుకున్నదానికంటే ముందే దిగిపోయింది. వెళ్ళి పట్టుకోవడానికి బండి లేదు.

సరే, 2011 తర్వాత వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది. 2014లో కొత్త బండి కాంట్రాక్టు ఒకరికే కాకుండా స్పేస్‌ఎక్స్‌కీ బోయింగ్‌కీ ఇద్దరికీ ఇచ్చారు. దండగ ఖర్చన్నవాళ్ళున్నారు. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ వారం పది రోజులకని బోయింగ్ స్టార్‌లైనర్‌లో వెళ్ళారు. హీలియం లీకులు, థ్రస్టర్ల (బండిని తిప్పే చిన్న ఇంజన్ల) ఇబ్బంది. బండిని ఖాళీగా కిందికి పంపి వాళ్ళని స్టేషన్‌లోనే ఆపేశారు. 2025 మార్చిలో స్పేస్‌ఎక్స్ డ్రాగన్‌లో దిగారు. సంతకం పెట్టి 'ఫర్వాలేదు, దీంట్లోనే రండి' అనలేదు. అనకుండా ఉండగలిగింది ఇంకో బండి ఉంది కాబట్టే.

ఆఖరి షటిల్ వాళ్ళు స్టేషన్‌లో చిన్న జెండా ఒకటి వదిలి వచ్చారు. 1981లో మొదటి షటిల్‌లో వెళ్ళిన జెండా అది. అమెరికా నేల మీంచి తర్వాత వచ్చేవాళ్ళు తీసుకెళ్ళాలి. ఆ ఆఖరి ప్రయాణంలో పైలట్ డగ్ హర్లీ. 2020లో డ్రాగన్‌లో వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చిన ఇద్దరిలో ఒకడూ అతనే. అందరూ దీన్ని అందమైన కథలా చెప్తారు. నాకు మాత్రం ఆ ఖాళీని దాటి ఇటువైపు దాకా మిగిలిన చేతులు ఎంత తక్కువో కనిపిస్తుంది. టైల్స్ షాపు అదృష్టం బాగుండి చంద్రుడి వైపు మనుషుల్ని పంపే ఓరియన్ క్యాప్సూల్‌కి అదే చోట టైల్స్ చేస్తున్నారు, అది వేరే సంగతి. షటిల్ ఇంజన్లదే నాకు కడుపు మండే విషయం. మళ్ళీ మళ్ళీ వాడటానికి కట్టినవి. 2022 నవంబర్‌లో ఓరియన్‌ని మనుషులు లేకుండా పంపిన ఆర్టెమిస్-1 రాకెట్ కింద నాలుగు బిగించి పంపారు, అందులో అట్లాంటిస్ ఆఖరి ప్రయాణంలో మండినవీ ఉన్నాయి. పని అయ్యాక నాలుగూ పోయాయి. ఆ రాకెట్ డిజైనే అంత, వెనక్కి రాదు. అంత మంచి పనితనాన్ని ఒక్కసారికి వాడి పారేయడానికి నా చేత సంతకం పెట్టించలేరు.

మావాడు ఇదంతా విని, "మరి మనదో?" అన్నాడు.

మనకీ ఓ ఖాళీ ఉంది, ఎవరూ లెక్కపెట్టరు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోయుజ్‌లో వెళ్ళాడు. తర్వాతవాడు శుభాంశు శుక్లా, 2025 జూన్ 25న. అతను లేచిన లాంచ్ ప్యాడ్ 39ఏ, ఆఖరి అట్లాంటిస్ లేచినదే. రెండుసార్లూ పరాయి బండే. సొంత బండి గగన్‌యాన్ ఇది రాసే నాటికి ఇంకా మనుషులతో ఎగరలేదు. దాని పనిలో కొంత మన ఊళ్ళోనే జరిగింది. 2023 జులైలో నేవల్ డాక్‌యార్డులో క్యాప్సూల్ నమూనాని నీళ్ళలోంచి పట్టుకునే ట్రయల్స్ చేశారు. 2024 డిసెంబర్‌లో విశాఖ తీరం దగ్గర ఓడ వెల్‌డెక్‌లోకి (వెనకవైపు నీళ్ళు నింపగల గదిలోకి) దాన్ని లాగి చూశారు. సముద్రం మీద ఊగే వస్తువుకి తాడు వేసి దగ్గరకు లాగడం ఎంత కష్టమో ఇక్కడి వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

నాకు నచ్చింది ఆ ట్రయల్స్ కంటే ఒక ఫైలు. 2018లో కేంద్రం గగన్‌యాన్‌కి 9,023 కోట్లు ఇచ్చింది. 2024 సెప్టెంబర్‌లో దాన్ని 20,193 కోట్లకి పెంచి, మొత్తం ఎనిమిది మిషన్లు అని రాసుకున్నారు. మన సొంత స్టేషన్ మొదటి ముక్క కూడా అందులోనే ఉంది. మొదటి ఓడ ఇంకా నీళ్ళలోకి దిగకముందే రెండో ఓడకి కీల్ ఆర్డరు ఇవ్వడం అది. తేదీలు జరుగుతాయి, జరగనీ. ఒక మనిషి వెళ్ళొచ్చి, దండలు వేసి, ఫొటోలు తీసుకున్నాక రికవరీ టీం డైవర్లకీ, క్యాప్సూల్ వెల్డ్ చేసిన వాళ్ళకీ మర్నాడు పని ఉంటుందా అన్నదొక్కటే నేను ప్రతి వార్తలోనూ వెతుకుతాను.

మావాడు ఇంకేదో అడుగుతాడనుకున్నాను. "అల్ట్రాసోనిక్ లెవెల్-టూ కోర్సుకి ఎంతవుద్ది మావయ్యా?" అన్నాడు. ధ్వని తరంగాలతో లోపాలు వెతకడం నేర్పే కోర్సు అది. శ్రీహరిపురంలో మా పాత ఫ్రెండుకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాను.