మూడు రంగులూ మళ్లీ ఒక్కటయ్యాయి

చెన్నై పెరంబూర్‌లో బాబాయి వాళ్ల పాత ప్రొజెక్షన్ టీవీ బాగుచేశాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

ఈ టీవీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి మూడు వేర్వేరు పిక్చర్ ట్యూబులుంటాయి, అవి లోపల్నుంచి తెర మీదికి బొమ్మ వేస్తాయి. మూడు బొమ్మలూ తెర మీద ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవాలి. దాన్నే కన్వర్జెన్స్ అంటారు. వీళ్ల దాంట్లో నీలం విల్లులా వంగిపోయింది. తెల్ల అక్షరాల పక్కన ఎర్రటి నీడ. "పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాంరా" అన్నాడు బాబాయి. నాకు మనసొప్పలేదు.

ఇలా వంగితే ఎక్కువగా అనుమానించాల్సింది హీట్‌సింక్‌కి (వేడిని లాగేసే లోహపు పలకకి) బిగించిన కన్వర్జెన్స్ ఐసీలనే, అంటే ఈ మూడు బొమ్మల్నీ సర్దే చిప్పులనే. ఏళ్ల తరబడి వేడికి పోతాయి, పోతూ పోతూ పక్కనున్న, కరెంటుని అదుపు చేసే చిన్న రెసిస్టర్లనీ తీసుకుపోతాయి. అందుకే ఐసీ మార్చి ఊరుకోకూడదు, ఒక్కో రెసిస్టర్నీ మీటర్ పెట్టి చూడాలి. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఐసీలు దొరికాయి. నకిలీలుంటాయి కాబట్టి తెలిసిన షాపులోనే కొనండి. ట్యూబులకి వేల వోల్టులు వెళ్తాయి, పని తెలియనివాళ్లు మూత తీయొద్దు.

అసలు ఆనందం అలైన్‌మెంట్‌లో ఉంది. టీవీని అరగంట వేడెక్కనిచ్చి, తెర మీద గళ్ల గీతలు తెప్పించాను. ముందు ఆకుపచ్చ గీతలు తిన్నగా చేశాను. వాటి మీదికి ఎరుపు జరిపితే గీత పసుపైంది. నీలం కూడా వచ్చి కలవగానే తెల్లగా మెరిసింది! పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది.

కుడివైపు కింది మూలలో కాస్త నీలం ఇంకా తొంగిచూస్తోంది. వచ్చే ఆదివారం దాని పని చూస్తాను.