డాబా మీద కౌబాయ్

విజయవాడలోనో గుంటూరులోనో డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి క్లింట్ ఈస్ట్‌వుడ్‌ని చూద్దామనుకుంటే ముందు టేపు తీసుకుని గోడ కొలవండి. 1964 నుంచి 1966 దాకా ఈస్ట్‌వుడ్ హీరోగా ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ తీసిన మూడు కౌబాయ్ సినిమాలూ టెక్నిస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతిలోవి. ఎత్తు ఒక వంతయితే వెడల్పు 2.35 వంతులు. గోడ మీద 8 అడుగుల వెడల్పు దొరికితే బొమ్మ ఎత్తు 3 అడుగుల 5 అంగుళాలే వస్తుంది. పైనా కిందా నల్ల పట్టీలు కనబడ్డాయని రిమోట్‌లో జూమ్ నొక్కారంటే, రెండు పక్కలా కలిపి పావు వంతు బొమ్మ ఎగిరిపోతుంది.

ఆ పావు వంతే ప్రాణం. ఆ మూడింట్లో చివరిదైన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ఆఖర్లో శ్మశానం నడుమ గుండ్రటి బయల్లో ముగ్గురు తుపాకీవాళ్ళు నిలబడతారు. మనుషుల్ని అంచులకి నెట్టేసి మధ్యలో ఉత్త నేల వదిలేస్తాడు లియోనీ. చేతివేళ్ళు తుపాకీ వైపు జరుగుతున్నంతసేపూ మన కళ్ళు ఆ ఖాళీ దాటలేక అల్లాడతాయి. పాత టీవీల కొలతకి కత్తిరించిన ప్రింట్లలో దాదాపు 43 శాతం బొమ్మ లేదు. కేబుల్లో చూసి 'ఇంత సాగదీశాడేంటి' అన్నవాళ్ళని తప్పుపట్టలేం.

టెక్నిస్కోప్‌లో ఫ్రేముకి నాలుగు బదులు రెండే పెర్ఫొరేషన్లు (ఫిల్ము అంచున ఉండే రంధ్రాలు). వెయ్యడుగుల రీలు 11 నిమిషాలకి బదులు 22 నిమిషాలు వస్తుంది. ఖర్చు తగ్గింది గానీ ఫ్రేము చిన్నది కాబట్టి తెర మీద రేణువులు పెద్దగా కనబడతాయి. అవి చూసి ప్రొజెక్టర్‌లో నాయిస్ రిడక్షన్ (రేణువులు తుడిచే సెట్టింగు) పెడితే చెమట, గడ్డం, దుమ్ము అన్నీ తుడుచుకుపోయి మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. దాన్ని ఆపేయండి, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా.

పెదాలకీ మాటకీ పొంతన కుదరకపోతే స్పీకరుని అనుమానించొద్దు. సెట్లో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడారు, తర్వాత డబ్బింగ్ చెప్పుకున్నారు. ఆడియో డిలే (బొమ్మకీ చప్పుడుకీ మధ్య ఆలస్యం) సరిచేయాలంటే వేరే సినిమా పెట్టి చేసుకోండి. ఇందులో చేస్తే తుపాకీ పేలాక చప్పుడొస్తుంది.

'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' కొత్తగా చూసేవాళ్ళకి 161 నిమిషాల ప్రింటే మేలు. 2003లో పొడిగించిన ప్రింటులో కలిపిన సీన్లకి ఈస్ట్‌వుడ్, తోటి నటుడు ఎలై వాలక్ ముసలి గొంతులతో మళ్ళీ డబ్బింగ్ చెప్పారు. మూడో నటుడు లీ వాన్ క్లీఫ్ అప్పటికే లేడు కనుక ఆయన గొంతు ఇంకొకరిది. ఆ తేడా చెవికి తగులుతుంది. ఇంటర్వెల్ ఎక్కడంటే, ఎడారిలో గుర్రబ్బండి దొరికి, ఒకడికి శ్మశానం పేరూ ఇంకొకడికి సమాధి మీది పేరూ తెలిశాక. బెజవాడలో మే నెలలో ఏడు దాటితే గానీ గోడ మీద రంగులు నిలవవు. 7:15కి మొదలెడితే, ఇంటర్వెల్ కాక, పదికల్లా అయిపోతుంది.

రంగుల సంగతీ ఉంది. పాత ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము ప్రింట్లలో ముందు నీలి ఛాయ వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. బెజవాడ గాంధీనగర్ హాళ్ళలో అరిగిన ప్రింటు చూసినవాళ్ళకి ఎడారి గులాబి రంగులో గుర్తుంటే అందుకే. ఈ సినిమా 2014 బ్లూరేలో పసుపు పులిమినట్టుంటుంది, దాన్ని వదిలేయండి.

రెండో రోజుకి మన తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణ. 'మోసగాళ్ళకు మోసగాడు', 1971, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. రాజస్థాన్ ఎడారిలో వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా పట్టిన ఆ గుర్రాల సీన్లు ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తాయి. ఇది స్కోప్ (టెక్నిస్కోప్ లాంటి వెడల్పు బొమ్మ) కాదు. తెలుగులో స్కోప్ 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. కాబట్టి ముందురోజు సెట్టింగు అలాగే ఉంచి సాగదీస్తే కృష్ణ పొట్టిగా, గుర్రం బారుగా కనబడతాయి. అదే 8 అడుగుల గోడ మీద ఈసారి బొమ్మ ఎత్తు ప్రొజెక్టర్ వెలుగు పూర్తి ఎత్తంత, అంటే నాలుగున్నర అడుగులు, వెడల్పు 6 అడుగుల 2 అంగుళాలు. రెండు పక్కలా మిగిలే గోడకి నల్లగుడ్డ కట్టండి.