అత్తమ్మ మాహూరు మొక్కు

మొక్కు తీరింది. మొన్న మంగళవారం, మహారాష్ట్రలో మా నాందేడ్ జిల్లాలోనే ఉన్న మాహూరు గుట్ట ఎక్కి, రేణుకమ్మకు ఒడి నింపి వచ్చాం. పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి. అయినా ఇప్పుడే రాసుకోవాలి. నాలుగు రోజులు పోతే దీపావళి పనుల్లో పడి సగం మర్చిపోతాను.

మొక్కు నాది కాదు, అత్తమ్మది. పోయిన ఏడాది వానల్లో మా ఆయన బండి జారి పడితే తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆయనది ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో మునీమ్ పని, అంటే లెక్కలు రాయడం, దుకాణానికి పోతేనే జీతం. నెలల తరబడి మంచం. నేను ఆస్పత్రి వరండాలో బిల్లులు కూడుకుంటూ కూర్చుంటే, అత్తమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ మూట కట్టి, "నా కొడుకు తన కాళ్ల మీద లేచి తిరిగితే, నేను నా కాళ్ల మీద నీ మెట్లెక్కి ఒడి నింపుత తల్లీ" అంది.

"మెట్లెక్కి అని ఎందుకన్నవ్ అత్తమ్మా, దర్శనం చేసుకుంట అంటే సరిపోతుండె గదా" అని తర్వాత చాలాసార్లు అడిగాను. ఆమెకు డెబ్బై దగ్గరపడ్డాయి, మోకాళ్లు అరిగిపోయి ఏళ్లయింది. "ఆమెకు కష్టం చెప్పి, నేను సుఖంగ ఇస్తనా?" అనేది.

నా సంగతి వేరు. ఆయన మంచంలో ఉన్న ఆ నెలల్లో రాత్రుళ్లు నిద్ర రాక ఫోన్ చూడటం అలవాటైంది. ఒక స్వామీజీ కోరికలు తగ్గించుకో, జీవితం ధన్యమవుతుంది అంటాడు. ఆ వెంటనే కోటు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి పెద్ద కలలు కనకపోతే బతుకే దండగ అంటాడు. రెండూ వింటే ఉన్న నిద్ర కూడా పోయేది. సగం కట్టి ఆపేసిన ఇల్లు, పుణేలో చదువు ముగించి ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్న కొడుకు, పెళ్లితో ఆగిపోయిన నా డిగ్రీ. నలభై దాటాయి, ఇప్పటిదాకా చేసిందేమిటి, దీనికేమైనా అర్థముందా అని ఒకటే టెన్షన్. అందుకే మాహూరు పోతున్నాం అనగానే అమ్మవారిని అడగాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. ఇల్లు, వాడి ఉద్యోగం, ఆయన కాలు, చివర్లో కాస్త మనశ్శాంతి.

క్రూజర్ మాట్లాడుకుని తెల్లవారకముందే బయల్దేరాం. ఆడబిడ్డ వాళ్లూ కలిశారు. ఎక్కాల్సినవాళ్ల కంటే ఇద్దరు ఎక్కువే ఎక్కారు, ఎప్పుడూ అంతే. భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్. దారి పొడుగునా సోయా కోసేసిన చేన్లు, అక్కడక్కడా పత్తి విచ్చుకుంటోంది. కిన్వట్ దాటాక టేకు అడవి మొదలవుతుంది. 1956కు ముందు ఈ కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాలు విడదీసినప్పుడు ఇటు నాందేడ్‌లో కలిసింది. గీతలు ఎటు గీసినా రేణుకమ్మ దగ్గరికి మన జనం రావడం ఆగలేదు. మా ఇళ్లల్లో ఎల్లమ్మగా కొలిచే తల్లే కదా. మనం అష్టాదశ పీఠాల్లో లెక్కపెట్టుకుంటాం, మరాఠీవాళ్లు తుల్జాపూర్, కొల్హాపూర్, వణితో కలిపి తమ మూడున్నర పీఠాల్లో లెక్కపెట్టుకుంటారు.

జనం గురించి చెప్పకుండా ఉండలేను. దసరా అయిపోయింది కదా, రద్దీ తగ్గి ఉంటుందనుకుని పోయాం. బడులకు సెలవులు, పైగా మంగళవారం. కింద బండ్లు పెట్టడానికే చోటు లేదు. కొబ్బరికాయల వాళ్లు, పూల వాళ్లు, "ఓటీ ఘ్యా, ఓటీ ఘ్యా" (ఒడి సామాను తీసుకోండి) అని చెంగు పట్టుకుని లాగేవాళ్లు. ఒకాయన మెట్ల మధ్యలో నిలబడి వీడియో కాల్‌లో ఇంటిల్లిపాదికీ గుడి చూపిస్తున్నాడు. వెనకాల వందమంది ఆగిపోయారన్న సోయి లేదు. నోట్లో అమ్మవారి నామం, మోచేతిలో పక్కవాడి డొక్క. భక్తికీ తోపులాటకూ ఈ చుట్టరికం ఎప్పుడు కుదిరిందో నాకర్థం కాదు.

అత్తమ్మ ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి ఎక్కుతోంది. మా ఆయన ఒక పక్క, నేనొక పక్క. ఆయన కూడా కాలు ఈడుస్తూనే ఉన్నాడు. రాడ్ వేసిన కొడుకూ, మోకాళ్లు లేని తల్లీ ఒకరినొకరు పట్టుకుని ఎక్కుతుంటే ఎవరు ఎవరికి ఆసరానో తెలియలేదు. సగం దాటాక ఆమె ఎడమ మోకాలు పట్టేసింది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. నిలబడ్డచోటే మొహమంతా చెమట. జనం పక్కనుంచి రాసుకుంటూ పోతున్నారు. "డోలీ పిలుస్త అమ్మా" అన్నాడు ఆయన. "మాటిచ్చిన" అని పళ్లు లేని నోరు గట్టిగా మూసుకుంది.

పక్కనే గాజుల కొట్టు. కొట్టంటే నాలుగు కర్రలు, పైన నీలం కవరు. అందులో కూర్చున్న ఆవిడ లేచి వచ్చి, గాజుల పెట్టెలు పక్కకు జరిపి, అత్తమ్మను తన గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. "ఇక్కడ కూసో ఆయీ, నిలబడకు" అంది, మరాఠీ యాస తెలుగులో. ఆదిలాబాద్, నిజామాబాద్ వాళ్లు వచ్చీ వచ్చీ తనకు తెలుగు నేర్పారట. బిగుతు గాజులు చేతికి ఎక్కించడానికి వాడే నూనె సీసా ఉంటుంది కదా, అది తీసి అరచేతిలో ఒంపుకుని అత్తమ్మ మోకాలికి మర్దన మొదలుపెట్టింది. చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుతూ, వెనక నరం మీద కింది నుంచి పైకి లాగుతూ. తన చేతులనిండా గాజు ముక్కలు కోసిన పాత గీతలు. గిరాకీ వస్తే అటు తిరగకుండానే ధర చెప్పి పంపిస్తోంది. ఇద్దరు ముగ్గురు కొనకుండానే పోయారు కూడా.

మాటల్లో అడిగాను, రోజూ దర్శనం చేసుకుంటావా అని. నవ్వింది. "నేను పైకి పోతే కొట్టు ఎవరు చూడాలె? శానా ఏండ్లయింది పోక. ఇక్కడినుంచే దండం." గర్భగుడికి ఇంత దగ్గరలో బతుకు వెళ్లదీస్తూ, ఏళ్ల తరబడి మెట్లెక్కని మనిషి! నాకు నోట మాట రాలేదు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "పైన నా పేరు చెప్పి ఒక దండం పెట్టుండ్రి, చాలు" అని పేరు చెప్పింది. అత్తమ్మ ఆ పేరు రెండుసార్లు పైకి అనుకుంది, మరవకూడదని.

మోకాలు కదిలింది. పూర్తిగా కాదు, ఎక్కేంత.

పైన లైను ఎంతకీ కదలదు. ఎవరో నాయకుడి కుటుంబమట, వాళ్లు వచ్చి పోయేదాకా అందరినీ ఆపేశారు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు, ఒక ముసలాయన నేలమీదే కూలబడ్డాడు. అమ్మ ముందు కూడా పెద్దా చిన్నా ఉంటే ఇక మనకు దిక్కెవరని నాకు కోపం తన్నుకొచ్చింది. అత్తమ్మకు ఆ గొడవేమీ పట్టలేదు. గోడకు ఆనుకుని ఆ గాజులావిడ గురించే మాట్లాడుతోంది. "నూనె బాకీ అయింది బిడ్డా" అని. అక్కడినుంచి 72 కరువులోకి పోయింది.

1972 కరువంటే మా మరాఠ్వాడాలో ఇప్పటికీ వయసులు దాన్నిబట్టే లెక్కపెడతారు. అత్తమ్మ అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. సర్కారు రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టడానికి పోయేవాళ్లట. పని దగ్గర తినడానికి సుకడి అనే పిండి పెట్టేవారు, అమెరికా నుంచి వచ్చిన ఎర్రజొన్న రేషన్‌లో ఇచ్చేవారు. ఆ ఏడు పొయ్యి వెలగని రోజు పక్కింటి మరాఠీ ఆవిడ తన పిల్లల గిన్నెలోంచి తీసి రెండు శేర్ల జొన్నలు కొంగులో పోసిందట. మరుసటి ఏడు అత్తమ్మ మిర్చి తొడిమలు తీసిన కూలితో కొని, ఆ రెండు శేర్లూ తిరిగిచ్చింది. "తలగొట్టి ఇయ్యలే, గోపురం పోసి ఇచ్చిన" అంది, అంటే శేరు అంచుకు సమంగా కాదు, పైన కుప్పగా పోసి. తొడిమలు తీసి తీసి రాత్రుళ్లు చేతులు మండితే మజ్జిగలో ముంచుకుని పడుకునేదట. అదంతా ఏడుపుగా చెప్పదు. ఎవరు ఏమిచ్చారు, తను ఎప్పుడు తీర్చింది, ఎవరిది ఇంకా మిగిలింది, అంతే. కాన్పు చేసిన దాయికి చీర పెట్టలేకపోయిందట, ఆమె చనిపోతే కూతురికి పెట్టింది.

ప్రవచనాల్లో దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెబుతారు. అత్తమ్మ దగ్గర ఆ చిట్టా చాలా పొడుగు, అందులో ప్రతి బాకీకీ ఒక మనిషి ఉంది. ఆమెను ఎప్పుడైనా "నీ జీవితంలో ఏం సాధించావ్" అని అడిగితే ప్రశ్నే అర్థం కాదేమో. "ఎవరికియ్యాలె" అని అడిగితే మాత్రం పొద్దుపోయేదాకా చెబుతుంది. ఫోన్‌లో ఆ ఇద్దరూ, కోరికలు మానమన్నాయనా, పెంచమన్నవాడూ, ఇద్దరూ నా గురించే మాట్లాడుతున్నారు. అత్తమ్మ కథల్లో ఆమె ఒక్కతే ఉన్నది ఒక్కటీ లేదు. కోరికలు మానుకున్న మనిషి కూడా కాదు. పట్టుచీర కావాలి, మునిమనవణ్ణి చూడాలి, కూరలో కారం తగ్గితే గిన్నె తోసేస్తుంది. తీసుకోవడానికి సిగ్గుపడదు, ఇవ్వడం మరవదు. ఆ ఇరుకు లైనులో నిలబడి ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మీద నాకు అసూయ కలిగింది.

లైను ఒక్కసారిగా కదిలింది. వెనకనుంచి తోపు. గడప దాటామో లేదో ఎదురుగా అమ్మ.

మాహూరు అమ్మకు మొహం మాత్రమే. ఆ కథ మనకు తెలిసిందే, చనిపోయిన తల్లి మళ్లీ నేలలోంచి పైకొస్తుంటే పరశురాముడు ఆగలేక వెనక్కి తిరిగి చూశాడు, అప్పటికి మొహం వరకే పైకొచ్చింది. మనిషెత్తున నిండా సింధూరం, ఇంత పెద్ద ముక్కెర, తాంబూలంతో నిండిన నోరు, ఆ కళ్లు. చుట్టూ ఉన్న అరుపులు నాకైతే వినపడలేదు. ఎంతసేపు? రెప్పపాటు. నేను పేర్చుకున్న వరస ఒక్కటీ నోటికి రాలేదు. ఇల్లు గుర్తు లేదు, ఉద్యోగం గుర్తు లేదు. నా పక్కన అత్తమ్మ ఒడి సామాను పళ్లెం పైకెత్తి పట్టుకుంది, బియ్యం, రవిక గుడ్డ, కొబ్బరికాయ, పసుపు కుంకుమ. పూజారి అందుకున్నాడు. "తల్లీ, నా మాట తీరింది" అని, వెంటనే నావైపు తిరిగి, "ఆ గాజులామె పేరేంది బిడ్డా?" అంది. నాకూ గుర్తు రాలేదు! జనం మమ్మల్ని బయటికి నెట్టేస్తున్నారు. అత్తమ్మ మెడ వెనక్కి తిప్పి గట్టిగా అరిచింది: "మెట్ల మీద గాజులమ్ముతది సూడు, ఆమె! నీ గడపలనే ఉంటది, నీకు తెల్వదా?"

పూజారి నవ్వాడు. నేను చూశాను.

బయటికొచ్చాక, పేరు మరిచిపోయామే అని నేను బాధపడుతుంటే అత్తమ్మ తేలిగ్గా తీసుకుంది. నాకప్పుడు ఇంకో దిగులు కూడా బయటికొచ్చింది. పరశురాముడు ఆ ఒక్క క్షణం ఆగి ఉంటే తల్లి మొత్తం వచ్చేది కదా అన్నాను. "మొఖం వచ్చింది సాలదా? సూస్తది, తింటది, ఇంటది. కాళ్లుంటే నాలెక్క మోకాళ్ల నొప్పులు" అంది. మా ఆయన అంత గట్టిగా నవ్వగా చూసి ఏడాది దాటింది.

ప్రసాదం తాంబూలం ఇస్తారు ఇక్కడ. ఆకూ వక్కా రోట్లో మెత్తగా దంచి, ముద్దలా. పళ్లున్నవాళ్లకు అదొక వింత, అత్తమ్మకు మాత్రం పండగ. పళ్లూడినప్పటినుంచీ ఆకు నమలలేక ఊరికే వాసన చూసేది. ఇప్పుడు ముద్ద దవడన పెట్టుకుని కళ్లు మూసుకుని చప్పరిస్తోంది, పెదవుల చివరల ఎర్రగా. ఇంకో ముద్ద ఆకులో చుట్టి కొంగున కట్టుకుంది. ఎవరికో అడగక్కర్లేదు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది, కానీ ఎవరూ తొందరపెట్టలేదు. గాజుల కొట్టు దగ్గర ఒక చిన్నపిల్ల చేతికి సైజు చూస్తోంది ఆవిడ. అత్తమ్మ తాంబూలం ముద్ద చేతిలో పెడితే, కళ్లకద్దుకుని, నోట్లో వేసుకుని, ఆ పిల్ల చేతికి గాజులు ఎక్కించడం పూర్తి చేసింది. "చెప్పిండ్రా?" అని అడిగింది. "చెప్పినం" అంది అత్తమ్మ, పేరు సంగతి దాచేసి.

తర్వాత నా చేతులకూ ఆడబిడ్డ చేతులకూ ఆకుపచ్చ గాజులు బేరం మొదలుపెట్టింది. ఆవిడ అడిగినంత ఇచ్చేద్దామని నేను కళ్లతో సైగ చేస్తున్నా. మోకాలికి నూనె రాసిన మనిషితో డజనుకు పది రూపాయల కోసం కొట్లాటేమిటి! అత్తమ్మ వినదే. ఆవిడా తగ్గదే. "నూనె పుణ్యానికి రాసిన ఆయీ, గాజులు కొనుక్కొచ్చిన" అంటుంది ఆవిడ. "మా ధర్మాబాద్ సంతల ఇంతకంటె మంచియి తక్కువకొస్తయి" అంటుంది ఈవిడ. ఇద్దరి నోళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఆఖరుకు ఐదు తగ్గించింది. ఇంకో ఐదు తగ్గాల్సిందని అత్తమ్మ క్రూజర్ ఎక్కేదాకా గొణుగుతూనే ఉంది.