చీకటి పడకముందే మొదలయ్యే బాంబెర్గ్ రాత్రులు

జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతంలో, రేగ్నిట్స్ నది పాయల నడుమ ఉన్న బాంబెర్గ్ జనాభా 80 వేలకు లోపే. ఇంత చిన్న నగరంలో రాత్రిపూట చూడదగినది ఏముంటుందని అడిగేవారికి నేను నైట్‌క్లబ్బుల పేర్లు చెప్పను. పొద్దు ఉండగానే బయలుదేరమంటాను.

పాత నగరంలో, కథీడ్రల్ కొండ దిగువన ఉన్న ష్లెంకెర్లా అనే బియర్ శాల ప్రస్తావన 1405 నాటికే కనిపిస్తుంది. ఇక్కడి రౌఖ్‌బియర్‌లో పొగ రుచి ఉంటుంది. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్ట్‌ను, బీచ్ చెట్టు కట్టెల మంటపై ఆరబెట్టడమే దానికి కారణం. ఒకప్పుడు చాలాచోట్ల మాల్ట్‌ను ఇలాగే కట్టెల మంటపై ఆరబెట్టేవారు. పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక మిగతావారు ఆ పద్ధతిని వదిలేసినా, ష్లెంకెర్లా, 1536 నాటి మరో బియర్ తయారీశాల స్పెత్సియాల్ మాత్రం సొంత బట్టీలతో దాన్ని నిలుపుకున్నాయి. మొదటి గుక్కలో నాకు బియర్‌కంటే పొగబెట్టిన మాంసమే గుర్తుకొచ్చింది. రెండో గ్లాసు సగమయ్యేసరికి ఆ పొగ వెనుక ఉన్న మాల్ట్ తీపి తెలిసింది కనుక, ఒక్క గుక్కతో తీర్పు చెప్పవద్దని నా మనవి.

రుచికంటే ఎక్కువగా నన్ను ఆకట్టుకున్నది అక్కడి కూర్చునే పద్ధతి. పొడవాటి బల్లల దగ్గర ఎక్కడ చోటుంటే అక్కడ, "ఇక్కడ ఖాళీయేనా?" అని అడిగి, ముక్కూమొహం తెలియని వారి పక్కనే కూర్చోవచ్చు. అయితే 'ష్టామ్‌టిష్' అని రాసి ఉన్న బల్ల మాత్రం ఏళ్ల తరబడి వచ్చే స్థానికులది. దాని జోలికి పోకూడదు.

రాత్రి ముదిరాక విద్యార్థులు నదిపై ఉన్న దిగువ వంతెన మీదికి చేరతారు. వేసవిలో అక్కడి సందడి వల్ల నిద్ర పట్టడం లేదని చుట్టుపక్కల ఇళ్లవారు ఫిర్యాదు చేస్తుంటారు. ఆ వంతెన మీద కూర్చోవడం నాకూ ఇష్టమే, కానీ కిటికీలు అంత దగ్గరగా ఉన్నచోట గొంతు తగ్గించవలసింది కూర్చున్నవారేనని నా అభిప్రాయం.

నా మనసంతా మాత్రం కొండమీది కెల్లర్లలోనే, అంటే బియర్ నిల్వ చేసే నేలమాళిగల దగ్గరే ఉంది. యంత్రాలతో చల్లబరచడం తెలియని కాలంలో, బియర్ వేడెక్కకుండా ఉండేందుకు కొండలోకి సొరంగాలు తొలిచి, పైన నీడ కోసం చెట్లు పెంచారు. ఆ చెట్ల కిందే నేడు బల్లలు వేస్తున్నారు. అందుకే స్థానికులు కెల్లర్‌లోకి వెళ్దామనరు, కెల్లర్ మీదికి వెళ్దామంటారు. స్పెత్సియాల్ వారి కెల్లర్ నుంచి చూస్తే కథీడ్రల్ నాలుగు గోపురాలూ ఎదురుగా కనిపిస్తాయి. వేసవిలో తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి, అవి నెమ్మదిగా నల్లబడేవరకు కూర్చోవచ్చు. వాన పడితే ఆరుబయటి బల్లలకు పని ఉండదు కనుక, ఆకాశం చూసుకొని కొండ ఎక్కండి.