‘బ్రెత్’ నవలకి స్క్రీన్‌ప్లే: తొమ్మిదో వారం దాకా

టిమ్ వింటన్ నవల ‘బ్రెత్’ (2008) చదివినప్పటి నుంచీ దాన్ని స్క్రీన్‌ప్లేగా రాసి చూడాలని ఒకటే దురద. పశ్చిమ ఆస్ట్రేలియాలో సాయర్ అనే కల్పిత ఊరు, 1970ల కాలం, పైక్‌లెట్, లూనీ అని ఇద్దరు కుర్రాళ్లు, వాళ్లని సర్ఫింగ్‌కి, అంటే బోర్డు మీద నిలబడి కెరటాల మీద జారే ఆటకి, పెద్ద కెరటాల్లోకి తీసుకెళ్లే శాండో. హక్కులు నావి కావు, అందుకే ఇది చేయి తిరగడానికి రాసుకుంటున్నదే, నా కంప్యూటర్ దాటదు. నిజంగా తీసే ఉద్దేశం ఉన్నవాళ్లు మాత్రం ఒక్క సీనైనా రాయకముందే హక్కుల సంగతి తేల్చుకోవాలి. 2017లో సైమన్ బేకర్ దీన్ని సినిమాగా తీశాడు. నా మొదటి డ్రాఫ్టు అయ్యేదాకా అది చూడనని ఒట్టేసుకున్నా.

1, 2 వారాలు

వన్‌లైన్ ఆర్డర్ రాశా, అంటే ఒక్కో సీనుని ఒక్కో లైనుగా కార్డు మీద రాసి వరసలో పెట్టడం. మొత్తం 62 కార్డులు, అందులో సముద్రంలో జరిగేవి 14. చిక్కు మొదటి కార్డులోనే వచ్చింది. నవల చెప్పేది పెద్దవాడైన పైక్‌లెట్. అంబులెన్సులో పనిచేసే పారామెడిక్. ఒక పిల్లాడు చనిపోయిన ఇంటికి వెళ్లడంతో కథ మొదలై, అక్కణ్ణుంచి వెనక్కి పోతుంది. చదువుతున్నప్పుడు అది గొంతులో పట్టేసినట్టు ఉంటుంది. సీన్లుగా పరిస్తే తొమ్మిది పేజీలు అయ్యాయి, నీటిచుక్క కనబడలేదు. అయినా తీసేయడానికి మనసొప్పక అలాగే ఉంచా.

3వ వారం

ఇది పూర్తిగా టైపింగ్ గొడవ. తెలుగులో స్క్రీన్‌ప్లే రాసేవాళ్లకి పనికొస్తుందని వివరంగా చెప్తున్నా. నేను వాడేది ఫౌంటెన్ పద్ధతి, అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. అందులో పాత్ర పేరు పెద్దక్షరాల్లో ఉంటేనే అది పాత్ర పేరని సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుంది. మనకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కదా, దాంతో డైలాగులన్నీ యాక్షన్‌లో (సీన్లో జరిగేది వర్ణించే భాగంలో) కలిసిపోయాయి. పేరుకి ముందు ‘@’ గుర్తు పెడితే సరిపోతుంది. సీన్ హెడింగ్‌కి ముందు ఒక చుక్క పెట్టాలి. ఈ రెండూ కనిపెట్టడానికి ఒక ఆదివారం పోయింది.

పేజీకి ఒక నిమిషం అనే లెక్క కూడా తెలుగులో నడవదు. అది కొరియర్ ఫాంటు 12 పాయింట్లలో పుట్టిన లెక్క. మన వత్తులూ గుడులూ ఒకదాని మీద ఒకటి పడకుండా లైన్ల మధ్య ఖాళీ పెంచేసరికి పేజీలో పట్టేది తగ్గిపోతుంది. అయిదు సీన్లు గట్టిగా చదివి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే నాకు పేజీకి సుమారు 45 సెకన్లు తేలింది. అంటే 118 పేజీలు రాస్తే దాదాపు గంటన్నర సినిమా.

4, 5 వారాలు

అసలు కష్టం ఇక్కడ. నవలలో పెద్ద కెరటాలు లేచే ఓల్డ్ స్మోకీ అనే చోట పైక్‌లెట్ మొదటిసారి పెద్ద కెరటం అందుకునే ఘట్టాన్ని నాలుగు పేజీలు రాశా. రాసేటప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. మర్నాడు చదివితే నీరసం. బోర్డు మీద లేచి నిలబడటం నుంచి పడిపోవడం దాకా ఒక కెరటం మీద మనిషి ఉండేది మామూలుగా పది, పదిహేను సెకన్లు. నేను దాన్ని మూడు నిమిషాలు సాగదీశా.

సర్ఫింగ్‌లో ఎక్కువ సమయం పోయేది చేతులతో తెడ్డేసుకుంటూ వెళ్లడానికీ, బోర్డు మీద కూర్చుని ఎదురుచూడటానికీ. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, మధ్యలో సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది. మాటలు దొర్లేది అప్పుడే. భయం పుట్టేదీ అప్పుడే. అది అర్థమయ్యాక కెరటం ఉన్న సీన్లని 14 నుంచి 5కి తెచ్చి, మిగిలిన చోట్ల ఎదురుచూపు రాశా. ఒకచోట లూనీ ఏదో కూస్తుంటాడు, దూరంగా ఒక గీత నల్లబడుతుంది, మాట ఆగిపోతుంది. అంతే సీను. నాలుగు పేజీలది ముప్పావు పేజీ అయింది.

నీటి కింద చిక్కుకునే సీను ఇంకో తలనొప్పి. పేరాని పైకి చదివితే 55 సెకన్లు పట్టింది. కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టి చూశా, 41 సెకన్లకే కళ్లు బైర్లు కమ్మాయి. (ఈ ప్రయోగం నీళ్లలో ఒంటరిగా మాత్రం ఎవరూ చేయకండి. గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే గాలి కావాలన్న హెచ్చరిక ఆలస్యమై, ముందే స్పృహ పోవచ్చు.) చివరికి 20 సెకన్లకి కుదించా. సంగీతం లేదు. రాత్రి గురక మధ్యలో తండ్రి ఊపిరి ఆగిపోతుంటే పైక్‌లెట్ మంచంలో వింటుంటాడని నవలలో ఉంది. ఆ నిశ్శబ్దాన్నే ఇక్కడికి తెచ్చా. ఈ డ్రాఫ్టులో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

6వ వారం

కాలం తప్పులు ఏరడం. ఒక సీన్లో బోర్డుకి మూడు ఫిన్‌లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) రాసి పెట్టా. ఆ మూడు ఫిన్‌ల బోర్డు తెచ్చింది ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్, 1981లో దానిమీదే అక్కడి బెల్స్ బీచ్ సర్ఫింగ్ పోటీ గెలిచాడు. మన కథకి ఒక్క ఫిన్ చాలు. బోర్డు పోకుండా కాలికి కట్టుకునే తాడు, లీష్, 1970ల మొదట్లో అప్పుడప్పుడే వస్తోంది, అందుకని అదీ తీసేశా. తీశాక కథకి లాభమే కలిగింది. బోర్డు చేజారితే ఒడ్డుదాకా ఈదుకుంటూ పోవాల్సిందే, ప్రమాదం దానంతటదే పెరిగింది.

7వ వారం

డ్రాఫ్టు అయింది, ఒట్టు తీరింది, సినిమా చూశా. పారామెడిక్ మొదలు అందులో లేదు! వెనక్కి తిరిగి చూసే ఆ గొంతుని వాయిస్ ఓవర్‌గా ఉంచారు, చెప్పింది రచయిత టిమ్ వింటనే. తొమ్మిది పేజీల్ని అయిదు వారాలు కడుపులో పెట్టుకుని కాపాడిన నాకు కాస్త చిన్నతనం అనిపించింది. ఆ రాత్రే కోసేశా.

ఇంకో సంగతి. కుర్రాళ్లుగా చేసిన సామ్సన్ కౌల్టర్, బెన్ స్పెన్స్ ఇద్దరూ సర్ఫర్లు, నటన వాళ్లకి కొత్త. సర్ఫింగ్ వచ్చినవాళ్లకి నటన నేర్పించుకున్నారన్నమాట. అందువల్ల ముఖం, కెరటం ఒకే షాట్లో దొరుకుతాయి. నేనేమో ‘ముఖం క్లోజప్, కట్, దూరంగా డూప్’ అని ఏడు చోట్ల రాసుకున్నా. అవన్నీ కొట్టేశా.

9వ వారం, ఇప్పుడు

నాటిలస్ దగ్గర ఆగిపోయా, నవలలో శాండో వాళ్లని తీసుకెళ్లే ఇంకో ప్రమాదకరమైన కెరటం అది. అక్కడ పైక్‌లెట్ కెరటం అందుకోడు. ఒక పని చేయకపోవడాన్ని తెరమీద ఎలా చూపించాలి? నవలలో అయితే వాడే చెప్తాడు. వాయిస్ ఓవర్ పెడితే సంజాయిషీలా ఉంది. శాండో తిట్టినట్టు రాస్తే నాటకంలా ఉంది. మూడో ప్రయత్నంలో మాటల్లేవు. వాడు బోర్డు మీద కూర్చుని ఉంటాడు, కెరటం కింద నుంచి వాణ్ణి పైకెత్తి, దించి, దాటిపోతుంది. వెనక నుంచి చూస్తున్నాం, ముఖం కనబడదు. చేతులు మాత్రం బోర్డు అంచుల్ని పట్టుకుని ఉన్నాయి.

ఆ చేతుల్ని వదలాలా, అలాగే ఉంచాలా అన్నది ఇంకా తేల్లేదు. వచ్చే వారం ఆ అరపేజీయే మళ్లీ రాస్తా.